బుడ్డి మందు ముందా, ఓఆర్ఎస్ ముందా?

పిల్లలకు మోషన్లు పట్టుకున్నాయని మా ఓపీకి వచ్చే తల్లుల చేతిసంచుల్లో ఈ రోజుల్లో ఒక వస్తువు తరచుగా కనిపిస్తోంది. అది వేలెడంత ప్లాస్టిక్ బుడ్డి. మూత తిప్పితే లోపల ఐదు మిల్లీలీటర్ల నీళ్లలాంటి మందు ఉంటుంది. దానికి రంగు లేదు, చెప్పుకోదగిన రుచీ లేదు. కొందరి సంచుల్లో బుడ్డికి బదులు మాత్రల అట్ట ఉంటుంది, ఇంకొందరి దగ్గర పొడి పాకెట్లు. ఏమిటమ్మా ఇది అని అడిగితే "మంచి బాక్టీరియా అట సార్, పేగులకు బలమట, ఇమ్యూనిటీ వస్తదట" అంటారు. మంచిదే. మరి ఓఆర్ఎస్ తాగిస్తున్నారా అని అడిగితే మాత్రం చాలామంది పక్కనున్న అత్తగారి ముఖం చూస్తారు. "ఆ నీళ్లతోని ఏం తగ్గుతది?" అని బాపమ్మే జవాబు చెబుతుంది.

ఈ సంచికలో మేము రాయదలచుకున్నది ఈ రెండు జవాబుల గురించే. మా అభిప్రాయం మొదటే చెప్పేస్తాం. బుడ్డి మందు చెడ్డది కాదు. మోసమూ కాదు. కొన్ని సందర్భాల్లో మేమూ రాస్తాం. కాని విరేచనాల వైద్యంలో ఇప్పుడు దానికి దక్కుతున్న మొదటి పీట దానిది కాదు. పీట ఎవరిదో వారికి ఇవ్వకపోతే నష్టపోయేది పిల్లలు. అందులోనూ దూరపు గూడేల పిల్లలు.

స్పోర్ అంటే ఏమిటి?

బడి పుస్తకాల్లో దీనికి సిద్ధబీజం అని పేరు. మన రైతులకు తేలికగా అర్థమయ్యే సంగతి ఇది. జొన్న విత్తనం ఎండబెట్టి గరిసెలో పోస్తే ఏడాదైనా చావదు. తడి తగిలి, వేడి సరిపడితే మొలుస్తుంది. బాసిల్లస్ అనే జాతి బాక్టీరియాలకు ఇలాంటి తెలివే ఉంది. తిండి కరువైతే, ఎండ మండితే, అవి తమ ప్రాణాన్ని ఒక గట్టి పెంకులో ముడుచుకుని నిద్రపోతాయి. ఆ నిద్రపోయే రూపమే స్పోర్. ఎండకు, కడుపులోని పులుపు రసానికి, మామూలు వేడికి అది లొంగదు. చిన్న పేగులోకి చేరి, అక్కడి తేమ, పోషకాలు తగిలాక పెంకు విప్పుకుని లేస్తుంది.

మన పెరుగులోని బాక్టీరియా అలా కాదు. అవి సున్నితమైనవి. కడుపులోని ఆమ్లంలో చాలా భాగం చస్తాయి. డాక్టరు రాసిన యాంటిబయాటిక్ తగిలితే మిగిలినవీ చస్తాయి. అందుకే పెరుగు రకం బాక్టీరియాతో చేసిన మందుల్లో చాలావాటిని ఫ్రిజ్‌లో పెట్టాలి. స్పోర్ మందుకు ఆ బాధ లేదు. మే నెలలో ఆదిలాబాద్‌లో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. కరెంటు వచ్చీపోయే తండాలో, ఫ్రిజ్ లేని కిరాణా షాపులో కూడా నిలువ ఉండే మందు కావాలంటే స్పోర్ రకానికి మించినది లేదు. దానికి ఉన్న నిజమైన గొప్ప ఇదే. దీన్ని మేము తక్కువ చేయం.

మన దేశంలో ఈ మందులు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి బాసిల్లస్ క్లాసీ. ఇటలీలో 1958 నుంచి ఎంటరోజెర్మినా అనే పేరుతో అమ్ముతున్నది ఇదే. ఒక్కో బుడ్డిలో 200 కోట్ల స్పోర్లు ఉంటాయి. ఇందులో నాలుగు తెగల బాక్టీరియా ఉంటుంది. ఆ నాలుగూ కొన్ని యాంటిబయాటిక్‌లకు చావకుండా తట్టుకునే రకాలు. అందుకే యాంటిబయాటిక్ కోర్సు వాడుతుండగా కూడా దీన్ని ఇస్తారు.

రెండోది బాసిల్లస్ కోయాగ్యులన్స్. దీని కథ మన హైదరాబాద్‌తో ముడిపడి ఉంది. జపాన్‌కు చెందిన సాంక్యో కంపెనీ పొత్తుతో హైదరాబాద్‌లో యూని సాంక్యో అనే కంపెనీ నడిచింది. అదే తరువాత శాన్‌జైమ్ అయింది. వాళ్లు తెచ్చిన స్పోర్లాక్ మాత్రలు, పొడి మన మెడికల్ షాపుల్లో ఎన్నో ఏళ్ల నుంచీ ఉన్నాయి. ఇప్పుడు నలభై దాటినవాళ్లలో చాలామంది చిన్నప్పుడు ఆ తియ్యటి పొడి నాకినవాళ్లే. 2022లో ఆ బ్రాండును ముంబయికి చెందిన జేబీ కెమికల్స్ కొనుక్కుంది.

ఒక చిన్న తమాషా. స్పోర్లాక్ అట్ట మీద దశాబ్దాల పాటు 'లాక్టోబాసిల్లస్ స్పోరోజీన్స్' అని ఉండేది. లాక్టోబాసిల్లస్ అంటే పెరుగు జాతి. పెరుగు జాతికి స్పోర్లు రావు. ఆ బాక్టీరియా పెరుగు జాతిది కాదు, బాసిల్లస్ జాతిది అని శాస్త్రజ్ఞులు 1957 నాటికే తేల్చారు. అయినా పాత పేరు అట్ట మీద అలాగే సాగింది. ఇటలీ బుడ్డిదీ అదే వరస. చాలాకాలం బాసిల్లస్ సబ్టిలిస్ అని రాసేవారు, అది బాసిల్లస్ క్లాసీ అని 2001లో తేలింది. 2020 తరువాత ఈ రెండింటికీ మళ్లీ కొత్త పేర్లు పెట్టారు. ఒకటి హైన్‌డ్రిక్సియా, ఇంకొకటి షౌచెల్లా. రేపు అట్ట మీద ఆ పేర్లు కనబడితే కొత్త మందేదో వచ్చిందని రెట్టింపు ధర పెట్టకండి. పాత మనిషే, చొక్కా మార్చాడు అంతే.

పనిచేస్తుందా?

దీనికి ఒక్క మాటలో అవునని కాని కాదని కాని చెప్పలేం. ఏ జబ్బుకు, ఏ తెగ బాక్టీరియా, ఎంత మోతాదులో అన్నది విడివిడిగా చూడాలి.

పిల్లల్లో నీళ్ల విరేచనాలకు బాసిల్లస్ క్లాసీ ఇచ్చి చూసిన ఆరు పరిశోధనలను 2018లో కొందరు వైద్యులు ఒకచోట కూర్చి లెక్క కట్టారు. మొత్తం 1,298 మంది పిల్లలు. బుడ్డి మందు తాగిన పిల్లలకు విరేచనాలు సగటున 9 గంటలు ముందు తగ్గాయి. తొమ్మిది గంటలంటే తక్కువేమీ కాదు. రాత్రంతా గుడ్డలు మార్చే తల్లికి అది పెద్ద ఊరటే. కాని ఆ తొమ్మిది గంటలు ప్రాణం నిలిపే తొమ్మిది గంటలు కావు. ఆ పిల్లలకు ఓఆర్ఎస్ వంటి మామూలు వైద్యం ఎలాగూ అందుతోంది. బుడ్డి దానికి తోడు మాత్రమే.

ఇక బాసిల్లస్ కోయాగ్యులన్స్ సంగతి. 2011లో కోల్‌కతాలో 148 మంది చిన్నపిల్లల మీద దీన్ని పద్ధతి ప్రకారం పరీక్షించారు. సగం మందికి మందు, సగం మందికి మందు లేని పొడి. రెండు గుంపుల్లో తేడా ఏమీ కనబడలేదు. అదే ఏడాది అదే జబ్బుకు మన ఊళ్లలో ఆ పొడి ఎంతమంది మింగారో చెప్పనక్కరలేదు.

ప్రపంచమంతటి పరిశోధనలను జల్లెడ పట్టే కోక్రేన్ అనే సంస్థ ఉంది. అది 2020 చివర్లో అన్ని రకాల ప్రోబయాటిక్‌లనూ కలిపి, 82 పరిశోధనలు, పన్నెండు వేలకు పైగా రోగుల వివరాలు చూసింది. విరేచనాలు రెండు రోజులు దాటకుండా ఆపడంలో ఇవి బహుశా పెద్దగా తేడా చూపవు అని తేల్చింది. దానికి ముందు వెలువడిన చిన్న చిన్న పరిశోధనల్లో కనబడిన లాభం, పెద్ద పరిశోధనలు వచ్చేసరికి కరిగిపోయింది.

యాంటిబయాటిక్ వాడినందువల్ల వచ్చే విరేచనాల విషయంలో కథ వేరు. అక్కడ ప్రోబయాటిక్‌లకు మంచి పేరే ఉంది. అదే కోక్రేన్ 2019లో పిల్లల మీద జరిగిన 33 పరిశోధనలు చూసినప్పుడు, ప్రోబయాటిక్ తీసుకోని పిల్లల్లో నూటికి 19 మందికి విరేచనాలు పట్టుకుంటే, తీసుకున్నవారిలో 8 మందికే వచ్చాయి. అయితే అందులో ఎక్కువ రుజువు పెరుగు జాతి బాక్టీరియాకు, ఒక రకం ఈస్టుకు సంబంధించినది. స్పోర్ల వంతు తక్కువ. అయినా పెద్ద యాంటిబయాటిక్ కోర్సు మీద ఉన్నవారికి కావాలంటే బుడ్డి మందు వాడుకోమని మేము చెబుతాం.

ఇమ్యూనిటీ మాట

కరోనా వచ్చిన 2020 నుంచి ఈ మాట అంటని వస్తువు లేదు. బిస్కెట్ల నుంచి బట్టల దాకా అన్నీ ఇమ్యూనిటీ ఇచ్చేవే. పేగు గోడల్లో మన రోగనిరోధక కణాల్లో ఎక్కువ భాగం కాపలా ఉంటాయన్నది నిజం. అక్కడికి చేరిన బాక్టీరియాతో ఆ కణాలు మాట్లాడుకుంటాయన్నదీ నిజమే. కాని ఆ నిజం నుంచి, ఈ మాత్ర మింగితే జ్వరాలు రావు, జలుబు చేయదు అనే దాకా వెళ్లడం చాలా దూరపు ప్రయాణం. దారి మధ్యలో వంతెన ఇంకా కట్టలేదు. పైగా ఈ స్పోర్లు మన పేగులో ఇల్లు కట్టుకుని ఉండిపోవు. మింగడం మానేస్తే కొద్ది రోజుల్లో మలంతో బయటికి పోతాయి. ఏ జబ్బూ లేని మనిషి ఇమ్యూనిటీ కోసం నెలల తరబడి వీటిని కొనడం దండగ అని మా అభిప్రాయం. అదే డబ్బు ఇంట్లో పప్పుకు, గుడ్డుకు, ఆకుకూరకు పెడితే పేగుకూ మంచిది, ఒంటికీ మంచిది.

బాక్టీరియాతో ప్రాణాలు నిలబడిన సందర్భం లేదా అంటే, ఉంది. ఒడిశా పల్లెల్లో 4,556 మంది పుట్టిన బిడ్డల మీద జరిగిన పరిశోధన 2017లో వెలువడింది. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే ఒక ప్రత్యేకమైన తెగను, దానికి మేతగా ఒక రకం చక్కెరను కలిపి ఏడు రోజులు ఇచ్చారు. రక్తంలో విషం పాకడం, మరణం రెండూ కలిపి నూటికి 9 నుంచి 5.4కు తగ్గాయి. ఇది చిన్న సంగతి కాదు. కాని అది స్పోర్ రకం కాదు. ఏళ్ల తరబడి వందలాది తెగల్లోంచి ఏరి, మోతాదు లెక్క కట్టి, ఆరోగ్యవంతమైన బిడ్డలకు పర్యవేక్షణలో ఇచ్చిన మందు. షాపులో దొరికిన ఏదో ఒక ప్రోబయాటిక్‌కు ఆ పేరు అంటగట్టకూడదు. నెలలు నిండని బిడ్డల విషయంలో అయితే 2023లో అమెరికా మందుల శాఖ గట్టిగా హెచ్చరించింది. ఆసుపత్రిలో ప్రోబయాటిక్ ఇచ్చిన ఒక నెల తక్కువ బిడ్డకు అదే బాక్టీరియా రక్తంలోకి పాకి మరణించింది. బాసిల్లస్ క్లాసీ రక్తంలో కనబడిన సందర్భాలు కూడా వైద్య పత్రికల్లో ఉన్నాయి. చాలా అరుదు. కాని కాన్సర్ మందులు వాడేవారు, రోగనిరోధక శక్తి బాగా పడిపోయినవారు, మెడలోనో ఛాతీలోనో పెద్ద నరానికి గొట్టం వేసి ఉన్నవారు, నెల తక్కువ బిడ్డలు డాక్టరును అడగకుండా వీటి జోలికి పోవద్దు.

స్పోర్ అనగానే అన్నీ మంచివే అనుకునే ప్రమాదమూ ఉంది. గొర్రెలకు వచ్చే దొమ్మ జబ్బు బాసిల్లస్ జాతి పనే. దాని స్పోర్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. అందుకే దొమ్మతో చచ్చిన గొర్రెను కోయొద్దు, లోతుగా పూడ్చమని పశువుల డాక్టర్లు మొత్తుకుంటారు. పెళ్లి భోజనాల్లో వండిన అన్నం ఎండాకాలంలో గంటల తరబడి బయట ఉంటే, తిన్నవాళ్లకు వాంతులు పట్టుకోవడం చూస్తుంటాం. అందులో చాలాసార్లు బాసిల్లస్ సీరియస్ అనే మరో అన్నదమ్ముడి చెయ్యి ఉంటుంది. బియ్యంలో ఉన్న దాని స్పోర్లు ఉడికించినా చావవు. గోరువెచ్చటి అన్నంలో లేచి పెరుగుతాయి. అవి విడిచే విషం మళ్లీ వేడి చేసినా పోదు. మన పెద్దలు మిగిలిన అన్నంలో సల్ల పోసి సద్ది చేసేవారు. పులుపు ఎక్కితే ఆ పురుగు ఎదుగుదల తగ్గుతుంది.

మొదటి పీట ఎవరిది?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. వానలు పడగానే ఉట్నూరు, తిర్యాణి, జైనూరు వైపు గూడేల నుంచి వాంతులు, విరేచనాల వార్తలు వస్తాయి. వాగు నీళ్లు, చెలిమె నీళ్లు, పగిలిన పైపుల నీళ్లు. పెద్దవాళ్లు 'గత్తర' అనే మాట ఇప్పటికీ మరిచిపోలేదు. ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించిన జబ్బు అది. విరేచనాల్లో మనిషిని చంపేది బాక్టీరియా కన్నా ముందు నీరు పోవడం. ఒంట్లోంచి నీరు, ఉప్పు గంటల్లో పోతాయి. పోయినదాన్ని పోసినంత వేగంగా తిరిగి పోయడమే వైద్యం.

1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు సరిహద్దులోని బన్‌గాఁవ్ శరణార్థి శిబిరంలో కలరా పడింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా నీళ్లలో కలిపి, డ్రమ్ములకు కుళాయి పెట్టి, బంధువుల చేతనే రోగులకు తాగించారు. నూటికి 30 ఉన్న మరణాలు 4 కన్నా తక్కువకు దిగాయి. ఆయన 2022లో కన్నుమూశారు. మరుసటి ఏడాది ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది. ఆయన నీళ్లలో మంచి బాక్టీరియా లేదు, ఇమ్యూనిటీ లేదు. పేగులో గ్లూకోజు వెంట ఉప్పు, ఉప్పు వెంట నీరు లోపలికి వెళతాయన్న ఒక్క చిన్న సూత్రం ఉంది. విరేచనాలు ఎంత జోరుగా ఉన్నా ఆ తలుపు మూసుకోదు.

ఇంత తెలిసి కూడా, 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో విరేచనాలు పట్టుకున్న పిల్లల్లో ఓఆర్ఎస్ తాగింది నూటికి 61 మంది. జింక్ అందింది 31 మందికి. మిగతావాళ్లకు ఏం అందింది? ఎవరికి సెలైన్, ఎవరికి యాంటిబయాటిక్, ఎవరికి బుడ్డి.

ఎందుకిలా అని కర్ణాటక, బీహార్‌లలో రెండు వేలకు పైగా వైద్యం చేసేవాళ్లను పరీక్షించిన ఒక పరిశోధన 2024లో వచ్చింది. మాకు చాలా ఆలోచన పుట్టించిన పరిశోధన అది. ఓఆర్ఎస్ రాయకపోవడానికి షాపులో సరుకు లేకపోవడం, లాభం తక్కువ రావడం చిన్న కారణాలే అని తేలింది. పెద్ద కారణం, దాదాపు 42 శాతం, ఏమిటంటే 'వచ్చినవాళ్లకు ఓఆర్ఎస్ ఇష్టం లేదు' అని డాక్టరు అనుకోవడం! నిజానికి వచ్చినవాళ్లు అలా అనుకోవడం లేదు. మనిషి వెళ్లి నోరు తెరిచి 'మాకు ఓఆర్ఎస్ కావాలి' అంటే, రాసేవాళ్ల సంఖ్య నూటికి 27 చొప్పున పెరిగింది. అంటే డాక్టరు రోగి మనసు ఊహిస్తున్నాడు, రోగి డాక్టరు మనసు ఊహిస్తున్నాడు, మధ్యలో ఓఆర్ఎస్ పాకెట్ షాపు గూట్లో దుమ్ము పట్టి కూర్చుంది.

మన దగ్గర ఇది వేరుగా ఉంటుందని మేము అనుకోవడం లేదు. ఊళ్లోని ఆర్ఎంపీ దగ్గరికి పోయినవాళ్లు ఉత్త పొడి పాకెట్ ఇస్తే చిన్నబుచ్చుకుంటారని అతని భయం. వంద, రెండు వందలు తీసుకున్నందుకు ఏదో ఒకటి చేతిలో పెట్టాలి. పూర్వం ఆ 'ఏదో ఒకటి' సెలైన్ సీసా. ఇప్పుడు బుడ్డీల అట్ట. సెలైన్ కన్నా బుడ్డి నయమే, సూది పోటు లేదు. కాని రోజుకు రెండు మూడు బుడ్డీల చొప్పున మూడు నాలుగు రోజులకు అయ్యే ఖర్చుతో ఓఆర్ఎస్, జింక్ కొన్నా డబ్బు మిగులుతుంది. పీహెచ్‌సీలో, ఆశా కార్యకర్త దగ్గర, అంగన్‌వాడీలో అయితే ఆ రెండూ ఉచితమే. పత్తి ఏరే కూలి మీద బతికే ఇంట్లో ఒక పిల్లవాడి విరేచనాలకు బుడ్డీలు కొని, రెండోవాడికి పట్టుకునేసరికి చేతిలో పైసలు లేక ఇంట్లో ఉంచేస్తే ఏమవుతుందో మేము రాయనక్కరలేదు.

ఇంకొక జాగ్రత్త. ఓఆర్ఎస్ అని చెప్పి తీపి పానీయం డబ్బాలు ఇచ్చేవారు. వాటిలో చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ. తాగితే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. వీటి మీద హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి ఒంటరిగా పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ, సరైన సూత్రం లేని పానీయం మీద ఓఆర్ఎస్ అనే పేరు ఉండరాదని ఆదేశించింది. పాత సరుకు ఎక్కడైనా మిగిలి ఉండవచ్చు. అట్ట మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందో లేదో చూసి, రాకపోతే చదవడం వచ్చినవాళ్లతో చదివించి కొనండి.

ఇంట్లో ఎలా చేయాలి?

పెద్ద పాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒకేసారి కలపాలి. సగం పాకెట్, గ్లాసు నీళ్లు అంటూ కొలతలు తప్పించకూడదు. 200 మిల్లీలీటర్ల చిన్న పాకెట్లు కూడా ఉన్నాయి, ఏది కొన్నారో చూసుకోండి. కలిపినది ఒక రోజు దాటితే పారబోయాలి. రెండేళ్ల లోపు పిల్లలకు ప్రతి విరేచనం తరువాత పావు కప్పు నుంచి అర కప్పు, ఆపై పిల్లలకు అర కప్పు నుంచి కప్పు, చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ మెల్లగా మొదలుపెట్టాలి. కక్కాడు కదా అని మానేయడమే ఎక్కువమంది చేసే పని.

పాకెట్ దొరకకపోతే లీటరు నీళ్లలో ఆరు చదును టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఉప్పు వేసిన బియ్యం గంజి, పలుచని సల్ల కూడా పనికొస్తాయి. తల్లిపాలు ఆపకూడదు. తిండి ఆపకూడదు. 'కడుపు ఎండబెడితే తగ్గుతది' అనే మాట బాపమ్మల మీద గౌరవం ఉంచుకునే మేము ఒప్పుకోం. ఎండబెడితే పేగు గోడ మానడం ఆలస్యమవుతుంది.

జింక్ మాత్ర ఆరు నెలలు దాటినవారికి రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల బిడ్డలకు 10. విరేచనాలు మూడో రోజుకే ఆగినా 14 రోజులూ ఇవ్వాలి. ఈ 14 రోజులు పూర్తి చేసే ఇళ్లు చాలా తక్కువ. జింక్ పేగు పొరను బాగు చేస్తుంది. వచ్చే రెండు మూడు నెలల్లో మళ్లీ విరేచనాలు రాకుండా కొంత కాపాడుతుంది. ఇమ్యూనిటీ అని అడిగేవారికి మేము చూపించేది ఈ చిన్న మాత్రనే. దానితో పాటు రోటా వైరస్ చుక్కలు. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారు చేసిన రోటావాక్ 2016లో ఆంధ్రప్రదేశ్ సహా నాలుగు రాష్ట్రాల్లో మొదలై, 2019 నాటికి రోటా టీకా దేశమంతటా ప్రభుత్వ టీకాల్లో చేరింది. ఆరు, పది, పద్నాలుగు వారాలకు ఉచితంగా వేస్తారు. పసిపిల్లల్లో ప్రమాదకరమైన విరేచనాలకు ముఖ్య కారణమైన వైరస్‌ను అడ్డుకునే పని అది చేస్తుంది. ఏ ప్రోబయాటిక్ బుడ్డీ అంత రుజువు చూపలేదు.

ఇవన్నీ చేస్తూ, చేతిలో డబ్బుండి, డాక్టరు సరేనంటే అప్పుడు బుడ్డి మందు పట్టండి. తాగించే ముందు బుడ్డిని బాగా ఊపాలి, స్పోర్లు అడుగున పేరుకుంటాయి. మరుగుతున్న పాలల్లో, టీలో కలపకూడదు. నీళ్లలోనో, గోరువెచ్చటి పాలల్లోనో కలిపి వెంటనే తాగించాలి. తెరిచిన బుడ్డి రేపటికి దాచకూడదు. ఇది నోటితో తాగేది మాత్రమే, సూదితో ఎక్కించేది కాదు. చూడటానికి ఇంజెక్షన్ మందులా ఉంటుంది కాబట్టి ఈ మాట చెప్పాల్సి వస్తోంది. పేరు తెలియని చవక రకం కన్నా, తెగ పేరు, స్పోర్ల సంఖ్య, తయారీ, గడువు తేదీలు స్పష్టంగా ఉన్నదే కొనండి. ఆహార పదార్థంగా అమ్మే ప్రోబయాటిక్‌లో రోజు మోతాదుకు కనీసం 10 కోట్ల బతికున్న సూక్ష్మజీవులు ఉండాలని మన దేశంలో నిబంధన ఉంది. 2016లో భారత్, పాకిస్తాన్‌లలో దొరికే బాసిల్లస్ క్లాసీ మందులను ఇటలీ పరిశోధకులు పరీక్షిస్తే, కొన్నింటిలో లేబుల్‌కూ లోపలి సరుకుకూ పొంతన కుదరలేదు.

పిల్లవాడి కళ్లు లోతుకు పోయినా, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మెల్లగా సర్దుకున్నా, ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా, మలంలో రక్తం కనబడినా, తాగింది ఏదీ నిలవక కక్కుతున్నా, పిలిస్తే కళ్లు తెరవక సోలిపోతున్నా ఇంట్లో ఏ మందూ ప్రయత్నించవద్దు. రాత్రయినా సరే, వానైనా సరే, 108కు ఫోన్ చేసి దగ్గరి ఆసుపత్రికి రండి. దారిలో కూడా ఓఆర్ఎస్ చెంచాతో పడుతూనే ఉండండి.